చదివింపుల పుస్తకం: గ్రంథాలయాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్

(కళాశాల గ్రంథపాలకుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభలో ఉన్న గ్రంథపాలక మిత్రులందరికీ నమస్కారం.

తన సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూలపాఠాన్ని, అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడకంలోని లాభనష్టాల గురించి మాట్లాడమని నన్ను అడిగారు. లోకంలో ఉన్న సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని ఒక్క గంటలో తూకం వేయబోతే మీరు ఇంటికి పట్టుకెళ్లడానికి ఏమీ మిగలదు. అందువల్ల మీలో కొందరు ఇప్పటికే వాడుతున్నదీ, మరికొందరు కళాశాలల నాణ్యతను తనిఖీ చేసే న్యాక్ బృందం వచ్చేలోపు ఎలాగైనా పెట్టించాలని తొందరపడుతున్నదీ అయిన కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌ను మాత్రమే ముందు పెట్టుకుని మాట్లాడతాను. ఓపెన్ సోర్స్ గురించి నేను చెప్పదలచుకున్న మంచీ చెడూ రెండూ ఆ ఒక్క సాఫ్ట్‌వేర్ చరిత్రలోనే దొరుకుతాయి.

1999లో న్యూజిలాండ్‌లో హోరోవెనువా లైబ్రరీ ట్రస్ట్ అనే చిన్న సంస్థకు ఒక చిక్కు వచ్చింది. వారు అప్పటిదాకా వాడుతున్న లైబ్రరీ సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరపు తేదీలను అర్థం చేసుకోలేదు. కొత్తది కొనాలంటే వారి స్తోమతకు మించిన ధర పలుకుతోంది. అప్పుడు వారు కటిపో కమ్యూనికేషన్స్ అనే ఒక చిన్న వెబ్ సంస్థ చేత బ్రౌజర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ రాయించుకున్నారు. 2000 జనవరి మొదటి వారంలో అది పనిలోకి వచ్చింది. ఆ తర్వాత వారు తీసుకున్న నిర్ణయమే మనకు ముఖ్యం. ఒక చిన్న కంపెనీ మీద కలకాలం ఆధారపడవలసి వస్తుందేమోనని గ్రంథాలయం భయపడింది. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ అమ్ముకుని బతకడం తమ వృత్తి కాదని కంపెనీ అనుకుంది. ఈ రెండింటికీ కలిపి వారు వెతుక్కున్న ఉపాయం, ఆ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌ను, ఎవరైనా వాడుకుని మార్చుకుని పంచుకోవచ్చని చెప్పే జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ విడుదల చేయడం. ఆదర్శం కోసం చేసినట్టు పైకి కనిపించినా, అది మంచి ముందుచూపుతో చేసిన పని.

కోహా అన్నది మావోరీ భాషలోని మాట. అతిథిగా వెళ్లినవారు తమను ఆదరించినవారికి ఇచ్చే కానుకను అలా అంటారు. అందులో ఒక మెలిక ఉంది: పుచ్చుకున్నవారు ఎప్పుడో ఒకప్పుడు తిరిగి ఇవ్వాలన్న భావం ఆ మాటలోనే ఇమిడి ఉంది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మన పెళ్లిళ్లలోని చదివింపులు గుర్తుకొచ్చాయి. పందిట్లో ఒక మూల బల్ల వేసుకుని, ఎవరు ఎంత చదివించారో ఒకాయన పుస్తకంలో రాస్తూ ఉంటాడు. ఆ డబ్బు అప్పు కాదు, వడ్డీ లేదు, ఎవరూ వచ్చి అడగరు. అయినా వారింట్లో శుభకార్యం జరిగినప్పుడు ఆ పుస్తకం తీసి చూసుకోని ఇల్లు ఉండదు. ఓపెన్ సోర్స్‌ను ధర్మసత్రపు భోజనంగా కాక చదివింపుల పద్దుగా చూస్తేనే దాని లాభాలూ నష్టాలూ సరిగా అర్థమవుతాయని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న మాటకు ఉచితమనీ, స్వేచ్ఛ అనీ రెండర్థాలు ఉండటం వల్ల ఆ భాషవాళ్లకు పెద్ద తికమక వచ్చిపడింది. 1998లో ‘ఓపెన్ సోర్స్’ అన్న కొత్త పేరు పుట్టడానికి ఆ తికమక కూడా ఒక కారణం. మనకు ఈ రెండింటికీ వేర్వేరు మాటలు శుభ్రంగా ఉన్నాయి, అయినా ఆ తికమకను మనం అరువు తెచ్చుకున్నాం. ఉదాహరణకు మన దేశంలో ఎన్ఐసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ తయారుచేసిన ఈ-గ్రంథాలయ అనే సాఫ్ట్‌వేర్ ప్రభుత్వ గ్రంథాలయాలకు ధర లేకుండా లభిస్తుంది. అది ఉపయోగకరమైన సాఫ్ట్‌వేరే. కానీ దాని కోడ్‌ను తెరిచి మార్చుకునే హక్కు మనకు లేదు కాబట్టి అది ఓపెన్ సోర్స్ కాదు. కోహా విషయంలో మనకు దక్కేది వాడుకునే, చదివి తెలుసుకునే, మార్చుకునే, మార్చినదాన్ని పంచుకునే హక్కు. ధర లేకపోవడం ఆ హక్కు వెంట వచ్చే కొసరు.

లాభాల గురించి మాట్లాడేవారు మొదట డబ్బు ఆదా గురించి చెబుతారు. నేను దాన్ని వెనక్కి నెట్టి, అన్నిటికంటే ముందు వెళ్లిపోగల వీలు గురించి చెబుతాను.

చాలా ఏళ్ల కిందట ఒక డిగ్రీ కళాశాల గ్రంథాలయానికి నన్ను పిలిపించారు. వారు ఏనాడో కొన్న సాఫ్ట్‌వేర్ ఒకే ఒక్క పాత కంప్యూటర్‌లో, వెనక తగిలించిన ఒక తాళపు బిళ్ల ఉంటేనే నడిచేది. అమ్మినవారు ఫోను ఎత్తడం మానేసి అప్పటికే చాలాకాలమైంది. పుస్తకాల వివరాలన్నీ లోపల ఉన్నాయి, బయటకు తీసే మార్గం మాత్రం లేదు. ‘ఎక్స్‌పోర్ట్’ అనే మీట తెరమీద ఉండేది. నొక్కితే పుస్తకం పేరూ రచయిత పేరూ తప్ప మిగిలిన వివరాలేవీ వచ్చేవి కావు. చివరకు ఆ ఫైళ్లను ముక్కలు ముక్కలుగా విప్పి, ఏ గడిలో ఏముందో ఊహించుకుంటూ, గ్రంథాలయానికి చేరిన పుస్తకాలను వరుసగా రాసిపెట్టే అక్సెషన్ రిజిస్టరుతో ఒక్కొక్కటే సరిచూసుకుంటూ వేసవి సెలవులు మొత్తం గడిపాం. తెలుగు పుస్తకాల సంగతి మరీ దారుణం. వాటిని ఏ యంత్రంలోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్ సంకేతాల్లో కాక, అప్పటి ఒక డీటీపీ ఫాంటు సంకేతాలలో ఎక్కించారు. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో ‘వేమన పద్యాలు’ అని కనిపించేది, లేని యంత్రంలో రోమన్ అక్షరాలూ కామాలూ డాలరు గుర్తులూ కలిసిన గందరగోళం కనిపించేది. మార్పిడి పట్టిక ఒకటి మేమే రాసుకున్నాం. ఒత్తులు తారుమారైన శీర్షికలు ఆ కేటలాగులో ఇప్పటికీ కొన్ని మిగిలే ఉన్నాయని ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది.

కోహాలో ఈ అవస్థ రాదు. పుస్తకాల వివరాలు మార్క్ 21 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటాయి, సమాచారాన్ని భద్రపరిచే మరియాడీబీ అనే డేటాబేసులో ఏ పట్టికలో ఏముందో పత్రాల రూపంలో అందరికీ తెలుసు, అక్షరాలు యూనికోడ్‌లో ఉంటాయి. రేపు కోహా మీకు నచ్చకపోతే సామాను సర్దుకుని మరో సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిపోవచ్చు. మీరు ఇల్లు ఖాళీ చేయగలరని తెలిసిన యజమాని అద్దె ఇష్టం వచ్చినట్టు పెంచడు. అందువల్ల మీరు చివరికి డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకున్నా, ఒప్పందం మీద సంతకం చేయకముందే మీ సమాచారం మొత్తాన్ని మార్క్ ఫైలుగా మీ కళ్లముందు బయటకు తీసి చూపించమని అడగండి. ఆ ఒక్క పరీక్షకు తడబడే సంస్థలు తక్కువేమీ కాదు.

ఈ వెళ్లిపోగల హక్కు కాగితం మీది మాటేనా, నిజంగా పనికివస్తుందా అన్న సందేహానికి కూడా కోహా చరిత్రలోనే జవాబుంది. అమెరికాలో కోహాకు సేవలందించడానికి లిబ్‌లైమ్ అనే కంపెనీ ఏర్పడింది. అది 2007లో కటిపో నుంచి కోహాకు సంబంధించిన వ్యాపారాన్ని కొనుక్కుంది. దానితోపాటు కోహా వెబ్‌సైటు కూడా దాని చేతిలోకి వెళ్లింది. 2009లో ఆ కంపెనీ తన ఖాతాదారుల కోసం కోహాకు ప్రత్యేకమైన రూపాన్ని ప్రకటించి, దాని అభివృద్ధిని ఉమ్మడి కోడ్ నుంచి వేరుగా సాగించడం మొదలుపెట్టింది. అప్పుడు మిగిలిన దేశాల కార్యకర్తలు, గ్రంథపాలకులు కలిసి వేరే చిరునామాతో కొత్త సైటు తెరిచి, ఉమ్మడి కోడ్‌ను అక్కడినుంచి కొనసాగించారు. మనం ఈ రోజు దింపుకునే కోహా అదే. జీపీఎల్ లైసెన్సు లేకపోతే ఆ రోజే కథ ముగిసి ఉండేది.

అయితే ఇదే సంఘటన ఒక లోపాన్ని కూడా బయటపెట్టింది. లైసెన్సు కోడ్‌ను కాపాడింది కానీ పేరునూ చిరునామానూ కాపాడలేకపోయింది. 2010లో లిబ్‌లైమ్‌ను కొన్న పీటీఎఫ్ఎస్ అనే సంస్థ న్యూజిలాండ్‌లోనే ‘కోహా’ అన్న పేరుకు ట్రేడ్‌మార్కు కోరితే, ఆ సాఫ్ట్‌వేర్‌కు పురుడు పోసిన హోరోవెనువా గ్రంథాలయమే విరాళాలు అడిగి, మరొక సంస్థతో కలిసి అభ్యంతరం తెలపవలసి వచ్చింది. ఆ దరఖాస్తు చివరకు నెగ్గలేదు. కానీ కానుక ఇచ్చిన ఇల్లే ఆ కానుక పేరు కోసం కొట్లాడవలసి రావడం ఎంత విడ్డూరమో ఆలోచించండి. అందువల్ల ఒక ప్రాజెక్టు ఓపెన్ సోర్స్ అని వినగానే సంబరపడక, దాని పేరూ సైటూ ఒక కంపెనీ చేతిలో ఉన్నాయా, పలువురి చేతుల్లో ఉన్నాయా అని కూడా విచారించాలి. ఈ మధ్యకాలంలో ఇలాంటివి పెరిగాయి: 2023లో హాషికార్ప్, 2024లో రెడిస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్ లైసెన్సులను బిగించాయి, రెండు చోట్లా పాత కోడ్‌తో ఓపెన్‌టోఫు, వాల్కీ అనే వేరు కుంపట్లు వెలిశాయి. దారి దొరికింది నిజమే, కానీ మధ్యలో ఆ సాఫ్ట్‌వేర్‌ల మీద పనులు నడుపుకుంటున్నవారు పడ్డ హైరానా వారికే తెలుసు.

ఇప్పుడు డబ్బు సంగతి. కోహాకు లైసెన్సు రుసుము లేదు, అంతవరకు నిజం. కానీ సర్వర్ కావాలి, కరెంటు పోతే నిలబెట్టే యూపీఎస్ కావాలి, బార్‌కోడ్ చీటీలు కావాలి, పాత పుస్తకాల వివరాలు ఎక్కించేవారికి కూలి కావాలి. నా అనుభవంలో అన్నిటికంటే పెద్ద ఖర్చు ఈ చివరిదే, అది ఏ సాఫ్ట్‌వేర్‌కైనా తప్పదు. వీటన్నిటికీ మించి, దాన్ని ఏళ్ల తరబడి చూసుకునే మనిషి కావాలి. కోహాకు ఏడాదికి రెండుసార్లు, మే నెలలో ఒకటీ నవంబరులో ఒకటీ పెద్ద విడుదలలు వస్తాయి; పాత విడుదలలకు దిద్దుబాట్లు కొంతకాలమే అందుతాయి. గ్రంథాలయం పెరిగే జీవి అన్న, గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి అయిదో సూత్రం మీకు కంఠస్థమే. గ్రంథాలయాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కు కూడా అది వర్తిస్తుందని మన యాజమాన్యాలు గుర్తించడం లేదు. ఒకసారి పెట్టించేస్తే బీరువాలా పడి ఉంటుందని వారి నమ్మకం.

ఈ నమ్మకం ఎక్కడికి దారి తీస్తుందో నేనే ఒకచోట చూశాను, అందులో తప్పు నాది కూడా. ఒక కళాశాలకు కోహా పెట్టుకోమని సలహా ఇచ్చింది నేనే. కంప్యూటర్ విభాగంలో చివరి సంవత్సరం చదివే చురుకైన కుర్రాడు రెండు వారాల్లో అంతా అమర్చాడు. తనిఖీ బృందం మెచ్చుకుంది, ఫోటోలు తీశారు. ఆ కుర్రాడు చదువు ముగించుకుని బెంగళూరు వెళ్లిపోయాడు, సర్వర్ పాస్‌వర్డ్ కూడా అతనితోనే వెళ్లిపోయింది. మూడేళ్ల తర్వాత ఆ డిస్కు పాడైతే, బ్యాకప్ ఉందనుకున్న పెన్‌డ్రైవ్‌లో మొదటి నెల ఫైలు ఒక్కటే దొరికింది. లైబ్రేరియన్ మేడమ్ నాకు ఫోను చేసి, “సార్, ఉచితమని చెప్పారు కదండీ” అన్న మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. సాఫ్ట్‌వేర్ ఎంపిక గురించి ఆమెకు గంటసేపు చెప్పిన నేను, దాన్ని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు.

ఇక్కడే విమర్శకులు ఒక మాట అంటారు: కొన్న సాఫ్ట్‌వేర్‌కు ఎవరో ఒకరు బాధ్యులుంటారు, ఓపెన్ సోర్స్‌కు ఎవరున్నారు? అడగవలసిన ప్రశ్నే. ఎలాంటి హామీ లేదని జీపీఎల్ పాఠంలోనే స్పష్టంగా రాసి ఉంటుంది. కానీ మీరు డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఒప్పందాన్ని కూడా చివరిదాకా చదవండి. నష్టం జరిగితే తమ బాధ్యత ఎంతవరకో కుదించుకునే వాక్యాలు చాలా ఒప్పందాల్లో కనిపిస్తాయి. తేడా ఎక్కడంటే, అక్కడ తిట్టడానికైనా ఒక ఫోన్ నంబరు ఉంటుంది. ఆ ఫోన్ నంబరు కావాలంటే కోహాకు కూడా సంపాదించుకోవచ్చు, రుసుము తీసుకుని సేవ చేసే సంస్థలు ఉన్నాయి. ఒకటి నచ్చకపోతే కోహాను వదలకుండానే మరొకరి దగ్గరికి వెళ్లవచ్చు. అందువల్ల బడ్జెట్‌లో లైసెన్సు పద్దు కింద సున్నా రాసినవారు, వార్షిక నిర్వహణ పద్దు కింద కూడా సున్నా రాయకూడదు. 2015లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన విధానం ప్రకారం ఈ-పాలన టెండర్లలో ఓపెన్ సోర్స్‌ను కూడా పరిశీలించాలి, వద్దనుకుంటే కారణం చూపాలి. ఎంపిక దశకు ఆ విధానం అండగా నిలుస్తుంది. ఆ తర్వాతి పదేళ్ల పోషణకు డబ్బు మన బడ్జెట్‌లోనే వెతుక్కోవాలి.

భద్రత విషయంలో ఓపెన్ సోర్స్ పక్షపాతులు చెప్పే మాటను నేను సగమే ఒప్పుకుంటాను. కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి తప్పులు దాగవని వారంటారు. కనిపించడం వేరు, చూడటం వేరు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో అప్పటికి రెండేళ్లుగా ఉంది. లోకంలోని వెబ్‌సైట్లలో అధిక భాగం తమ రహస్యాలను దాచుకోవడానికి నమ్ముకున్న ఆ ప్రాజెక్టుకు అప్పట్లో ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2,000 డాలర్లు. పందిట్లో అందరూ భోజనం చేశారు, చదివింపుల పుస్తకంలో మాత్రం పేర్లు లేవు.

దానికంటే లోతైన పాఠం 2024 మార్చిలో దొరికింది. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్‌ను లాస్సే కొలిన్ అనే ఒక్క మనిషి ఏళ్లుగా జీతం లేకుండా చూసుకుంటున్నాడు. జియా టాన్ అన్న పేరుతో ఒకరు వచ్చి, రెండేళ్లకు పైగా ఓపికగా మంచి దిద్దుబాట్లు పంపి నమ్మకం సంపాదించారు. మరికొన్ని పేర్లతో వచ్చిన ఉత్తరాలు, పని ఆలస్యమవుతోందని, బాధ్యతలు ఇంకొకరికి అప్పగించమని కొలిన్ మీద ఒత్తిడి పెట్టాయి. అధికారం చేతికి వచ్చాక జియా టాన్ అందులో ఒక దొంగదారి అమర్చారు. దాన్ని పట్టుకున్నది ఏ భద్రతా సంస్థా కాదు. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు, తన యంత్రంలోకి లాగిన్ కావడానికి అరసెకను ఎక్కువ పడుతోందని గమనించి, తీగ లాగితే డొంకంతా కదిలింది. కోడ్ తెరిచి ఉంది కాబట్టే ఆయన ఆ తీగను చివరిదాకా లాగగలిగాడు. ఒక మనిషిని ఒంటరిగా వదిలేశాం కాబట్టే దొంగ లోపలికి రాగలిగాడు. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి నిజం. కోహా సర్వర్లు ఎక్కువగా నడిచే డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ స్థిర విడుదలలోకి ఆ కలుషిత రూపం ఇంకా చేరలేదు. కొత్త రూపం రాగానే ఎగబడకుండా, స్థిర విడుదలను వాడుతూ దానికి వచ్చే భద్రతా దిద్దుబాట్లను మాత్రం వెంటనే పెట్టుకోవడమే మనలాంటివారికి తగిన మార్గం.

ఇక మన తెలుగు దగ్గరకు వస్తాను. ఇక్కడే నాకు చెప్పవలసింది ఎక్కువగా ఉంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన ఢిల్లీ కార్యాలయం ద్వారా దశాబ్దాలుగా తెలుగు పుస్తకాలు సేకరిస్తోంది. వారి కేటలాగు నుంచి వివరాలు దింపుకోవడం కోహాలో క్షణాల పని. కానీ అక్కడ చాలా తెలుగు శీర్షికలు రోమన్ లిపిలో, అక్షరాల మీద గీతలూ కింద చుక్కలూ పెట్టి ఉంటాయి. అలాగే దించుకుంటే, మన విద్యార్థి తెలుగు అక్షరాలతో ‘ఆంధ్ర మహాభారతం’ అని వెతికినప్పుడు పుస్తకం బీరువాలో ఉండి కూడా తెరమీద లేదనే జవాబు వస్తుంది. అందువల్ల శీర్షికను తెలుగు లిపిలో మనమే చేర్చాలి. చేర్చినా మరో చిక్కు ఉంది: కోహాలో వెతుకులాటను నడిపే జీబ్రా అనే భాగానికి రెండు రకాల సూచిక పద్ధతులున్నాయి. తెలుగు వంటి లిపులకు ఐసీయూ అనే పద్ధతిని ఎంచుకోవాలి. చాలాచోట్ల రోమన్ లిపికి తగిన పద్ధతినే వదిలేసి, తెలుగు వెతుకులాట పనిచేయడం లేదని కోహాను నిందిస్తున్నారు.

ఐసీయూ పెట్టాక కూడా మన భాష తాలూకు తిప్పలు మన కోసం కాచుకుని ఉంటాయి. పాత పుస్తకం ముఖపత్రం మీద ‘చెఱకు’ అని బండి ఱతో ఉంటుంది, పాఠకుడు ‘చెరకు’ అని వెతుకుతాడు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల మధ్యలో టైపు చేసేవారు కంటికి కనిపించని ఒక విడదీత అక్షరాన్ని పెడతారు. ఒకరు పెట్టి, మరొకరు పెట్టకపోతే, చూడటానికి దాదాపు ఒకటిగానే ఉన్న రెండు మాటలు యంత్రానికి వేర్వేరు మాటలవుతాయి. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో ఈ సంగతి చెప్పినప్పుడు నాకు వచ్చిన జవాబు, తెలుగు ఖాతాదారులు తక్కువ కాబట్టి వచ్చే రూపంలో చూద్దామని. కోహాలో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు తెరిచి, ఱను రగా లెక్కించమని ఒక వరుస, ఆ కనిపించని అక్షరాన్ని వదిలేయమని ఇంకో వరుస రాసి, సూచికను మళ్లీ కట్టించాను. ఒక మధ్యాహ్నంలో పని ముగిసింది. ఓపెన్ సోర్స్ ఎందుకని నన్ను అడిగేవారికి నేను ఖర్చు లెక్కలు చూపించను, ఈ రెండు వరుసలు చూపిస్తాను.

దీని వెనక ఉన్న నష్టాన్ని కూడా దాచను. ఆ రెండు వరుసలు నేను రాయకపోతే వెల్లింగ్టన్‌లోనో పారిస్‌లోనో కూర్చున్న ఎవరూ మన బండి ఱ కోసం రాయరు. అంతేకాదు, మనం చేసుకున్న ఇలాంటి మార్పు ప్రతి అప్‌గ్రేడ్ తర్వాతా మిగిలిందో లేదో మనమే సరిచూసుకోవాలి. ఎక్కడ ఏం మార్చామో రాసిపెట్టుకోకపోతే రెండేళ్ల తర్వాత మన చేతిరాత మనకే అర్థం కాదు. మార్పును మనలోనే దాచుకుంటే ఈ భారం పెరుగుతూ పోతుంది, ఉమ్మడిలోకి పంపితే తగ్గుతుంది. మండలి, సురవరం, గిడుగు వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి కాబట్టే పాఠకులు పుస్తకాలు వెతుక్కునే మన ఓపాక్ తెరలమీద ఎవరి అనుమతీ అడగకుండా వాడుకుంటున్నాం. వాటిని చేసినవారు పద్దులో తమ పేరు రాసి వెళ్లారు.

అందరూ కోహాకు మారాలని నేను చెప్పడం లేదు. నాలుగు వేల పుస్తకాలు, ఒక్క ఉద్యోగి, రోజూ గంటల తరబడి కరెంటు కోత ఉన్న శాఖా గ్రంథాలయంలో సర్వర్ పెట్టించడం ఆ ఉద్యోగిని శిక్షించడమే. అక్కడ చక్కగా రాసిన రిజిస్టరు ఏ సాఫ్ట్‌వేర్‌కూ తీసిపోదు. మధ్యస్థంగా ఉన్న కళాశాలలు అయిదారు కలిసి ఒకే సర్వర్, ఒకే నిర్వాహకుడిని పెట్టుకోవడం మేలు. కోహాలో ఒకే స్థాపన కింద పలు శాఖలను నడిపే ఏర్పాటు మొదటినుంచీ వాడుకలో ఉంది. ఇక ఇప్పటికే కోహా ఉన్నవారు ఈ వారంలోనే మీ బ్యాకప్‌ను వేరే యంత్రంలోకి ఎక్కించి అది నిజంగా తెరుచుకుంటోందో లేదో చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే లెక్క.

రేపు ఉదయం తరగతిలో ఐసీయూ ఫైలు తెరిచి, మార్పులు మీ చేతనే చేయిస్తాను. వచ్చేటప్పుడు మీ అక్సెషన్ రిజిస్టరు నుంచి బండి ఱ ఉన్న శీర్షికలు ఓ ఇరవై రాసుకుని రండి. అరసున్నలు ఉన్నవి దొరికితే అవి కూడా తెండి, వాటికి తగిన వరుస ఇంకా ఎవరూ రాసిపెట్టినట్టు నాకు కనిపించలేదు.